కుక్క ముద్ద, గాడిద ముద్ద

వాగు గట్టున ఉన్న దొడ్డిలో ఒక కట్టుబాటు ఉండేది. సాయంత్రం మేతకు మూతి పెట్టేముందు ప్రతి జంతువూ తన వంతు తవుడులో ఒక ముద్ద పక్కన పెట్టాలి. అందులో సగం కాపలా కుక్కకు. మిగతా సగం గాడిదకు. అది పిల్లలను వాగు వెంట తిప్పి ఏ ఆకు ముట్టకూడదో చూపించేది. గాడిద పాఠం మొదలుపెడితే దొడ్డంతా నవ్వేది. గొంతు అలాంటిది, దాని తప్పేం లేదు.

ఈ మధ్య వాగు అవతలి నుంచి నక్క రావడం మొదలైంది. ఉమ్మెత్తాకు తెచ్చి, హుషారు ఆకు అని పేరు పెట్టి పిల్లలకు పంచేది. తిన్న పిల్లలు తూలుకుంటూ దాని వెంట పోయేవి. పోయినవాటిలో ఒక గొర్రెపిల్ల తిరిగి రాలేదు. దారి తప్పిందని పెద్దలు తేల్చేశారు. తేల్చడం తేలిక, వెతకడమే కష్టం.

కుక్క మాత్రం వాసన పట్టి గట్టు మీదే పడుకోసాగింది. అప్పటినుంచి నక్కకు దొడ్డి ఖర్చుల మీద దిగులు పట్టుకుంది. ఒకరోజు పట్టపగలే పెద్దమనిషిలా వచ్చి అందరినీ పోగేసింది.

"గేదె వదినా, నీ తవుడు ఎవరెవరికో పోతుంటే చూడలేకపోతున్నా. కుక్క ఈ ఏడు ఒక్క దొంగనైనా పట్టిందా?"

"లేదు," అంది గేదె. మేత సంగతిలో దానికి మతిమరుపు ఉండదు.

"గాడిద పాఠం వల్ల ఎవరికైనా మేలు జరిగిందా?"

"నాకు కునుకు పడుతుంది," అంది కోడిపుంజు.

"మరి ఆ ముద్దలు ఆపేయండి. కాపలా నేను ఊరికే కాస్తా."

తలలన్నీ ఊగాయి, మేక పోలమ్మ తల తప్ప. దాని కొడుకు చుక్కడు పొద్దుటి నుంచి తల్లికి ఆనుకుంటే తప్ప నిలబడలేకపోతున్నాడు.

"నేను ఆపను," అంది పోలమ్మ. "మీరంతా ఆపితే నా వంతు మొత్తం వాళ్ళిద్దరికే పెడతా."

"పస్తుంటావా పిన్నీ?" అంది నక్క.

"ఉంటా. నా కొడుక్కి ఏం పెట్టావు?"

"హుషారు ఆకు. అమృతమనుకో."

"మంచిది. కొత్త మేత తెచ్చినవాడు మొదటి కొరుకు అందరి ముందూ తానే కొరకాలి. ఇక్కడి పద్ధతి. కానివ్వు."

"నేను ఆకులు తినను కదా."

"తిననివాడివి ఎందుకు మోసుకొస్తున్నావు?"

నెమరేస్తున్న గేదె దవడ ఆగింది. "తిను మరిదీ," అంది.

కాపలా పని చేజారుతుందేమోనని నక్క రెండాకులు నోట్లో పెట్టుకుని దవడన దాచింది.

"మింగు," అంది పోలమ్మ, కొమ్ములు దాని ముక్కు దాకా తెచ్చి.

మింగింది. కాసేపటికి కళ్ళు తేలేసి, నాలుక పట్టు తప్పింది. "ఈ ఆకు తిన్న పిల్లల్ని పట్టడం ఎంత సుఖమో. పరిగెత్తవు కూడా. ఆ గొర్రెపిల్లయితే నన్ను అమ్మా అని పిలిచింది."

ఆ పిల్ల తల్లి గొర్రె అక్కడే ఉంది. కుక్క లేచింది. నక్క పారిపోబోయి తన కాళ్ళకు తానే అడ్డం పడి వాగు బురదలో దొరికిపోయింది.

గేదె తలెత్తకుండా తన తవుడు గంప కుక్క ముందుకు నెట్టింది.

"గాడిదకు కూడా పెట్టు," అంది పోలమ్మ. "రేపటి పాఠానికి పెద్దవాళ్ళూ రావాలి. నువ్వు ముందు కూర్చో."

పిల్లలను కాచేవాళ్ళకూ, వాళ్ళకు మంచీచెడూ నేర్పేవాళ్ళకూ ముద్ద పెట్టక మిగుల్చుకుంటే, ఆ మిగులుకు వెల పిల్లల ప్రాణమే.