పెట్టెలో సీసపు గుండ్లు

రేపు కోట సేనాపతి దళవాయిగారి పల్లకి ముందు తుపాకి పట్టుకుని దొంగల కనుమ దాటాల్సింది పోలమ్మ కొడుకు సిద్ధన్న. ఆ కోటలో సాధనకెప్పుడూ మట్టి గుండ్లే. సీసపు గుండ్లు ఆపదకని పెట్టెలో దాచారు.

"ఒక్క సీసపు గుండు పేల్చి చూడనియ్యండి దొరా," అంది పోలమ్మ.

"సీసమేమన్నా చింతగింజలటే? అవి దొంగల కోసం!" కసిరాడు దళవాయి.

"సరే దొరా. దొంగలొచ్చాకే మావాడు మొదటిసారి పేలుస్తాడు. వాడి వెనక పల్లకిలో తమరే ఉంటారు."

మీసం దువ్వుతున్న దళవాయి చెయ్యి ఆగిపోయింది. పెట్టె తెరిపించాడు. సిద్ధన్న వెయ్యబోయిన గుండు తుపాకి మూతి దగ్గరే నిలిచిపోయింది. ఇంకోటీ అంతే. పోత పోసినవన్నీ గొట్టం కంటే లావు.

"మరి ఇన్నాళ్లూ మమ్మల్ని కాపాడిందేంటే?" అడిగాడు దళవాయి.

పోలమ్మ తన కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"దొంగలు రాకపోవడం దొరా."