గడియారం లేని పరుగు

పది కిలోమీటర్లు నలభై అయిదు నిమిషాల్లో పరుగెత్తాలి. సుంకులమ్మకు నలభై ఏడు పడుతోంది. మూడు నెలలుగా అదే నలభై ఏడు. ఆదివారం నంద్యాలలో క్రీడా హాస్టలుకు ఎంపిక. ఆ రోజు సోమవారం, ఇంకా ఆరు రోజులే ఉంది.

వాళ్ల నాయన మద్దిలేటి మాట ముందే తేల్చేశాడు. "ఈసారి సీటొస్తే పో. రాకపోతే పరుగు బందు. నాతో చేనికి రావల్సిందే." మద్దిలేటి ఒకసారి అన్నాడంటే ఇక అంతే.

ఆ పొద్దున ఆ పిల్ల ఖాసిం పీరా ఉస్తాద్ వాకిట్లో కూలబడి ఏడ్చినంత పని చేసింది. నేను అక్కడే అరుగు మీద ఉన్నాను. నేనూ ఉస్తాద్ శిష్యుణ్ణే, కాకపోతే కుస్తీల కాలం వాణ్ణి. ఇప్పుడు మా ఊళ్లో కుస్తీ పట్టేవాడు లేడు. పరుగు నేర్పమని వచ్చిన సుంకులమ్మ ఒక్కతే ఆయనకు మిగిలిన శిష్యురాలు. రోజూ ఆయన వాకిట్లోంచి బయల్దేరి, చేలన్నీ చుట్టి, మళ్లీ ఆయన వాకిట్లోకే వస్తుంది.

"తప్పంతా దారిదే ఉస్తాద్," అంది. "టౌన్లో పిల్లలకు ట్రాకుంటాది. పక్కన నిలబడి టైము చెప్పే సారుంటాడు. నాకేముంది? కాలవ గట్టు, జొన్న చేలు, మళ్లీ కాలవ గట్టు. ఒట్టి చచ్చిన దారి. ఈ గడియారం గూడా లేకపోతే నేను ఎట్ల పరుగెత్తుతాండానో చెప్పే దిక్కే లేదు."

మేనమామ కొనిచ్చిన గడియారం అది. నల్లగా ఉంటుంది, నొక్కితే కుయ్యిమంటుంది. మలుపు మలుపుకీ దాన్ని చూసుకునేది. చూసినప్పుడల్లా అడుగు తడబడేది. నా కళ్లకే కనబడిందంటే ఉస్తాద్ కళ్లకు కనబడదా!

ఆయన చెయ్యి చాపాడు. "ఇట్ల ఇయ్యి పాపా."

చూసి ఇస్తాడనుకుని విప్పి ఇచ్చింది. ఆయన దాన్ని తీసుకెళ్లి గూట్లో బోర్లా పెట్టాడు. తర్వాత గడ్డం గీసుకోవడానికి పొయ్యి మీద నీళ్లు పెట్టాడు. రోజూ ఆ పిల్లను పంపి ఆయన చేసే మొదటి పని అదే.

"ఉస్తాద్, నా గడియారం!"

"శుక్రవారం దాకా నా కాడుంటాది. నువ్వు పో."

నాకే ఒళ్లు మండింది. పందెం నెత్తి మీదికొచ్చాక, ఉన్న ఒక్క ఆధారమూ లాక్కుంటాడా? కానీ ఉస్తాద్ ముందు నోరెత్తే ధైర్యం నాకు కుస్తీల నాడూ లేదు, ఇప్పుడూ లేదు.

సుంకులమ్మ మొహం గంటు పెట్టుకుని బయల్దేరింది. మొదటి కిలోమీటరు పరుగెత్తనే లేదట, కోపంతో నడిచిందట. ఆ తర్వాతి సంగతి నాకు పదిసార్లయినా చెప్పి ఉంటుంది. ఎన్నిసార్లు విన్నా మళ్లీ చెప్పమంటాను.

కాలవ తూము దగ్గర ఈరన్న తాత గొర్రెల దొడ్డి. ఆ రోజు గొర్రెలన్నీ అప్పటికే గట్టు మీదున్నాయి. కాలు పెట్టే సందు లేదు.

తాతే ముందు నొచ్చుకున్నాడు. "రోజూ నువ్వు పోయినాకనే గదమ్మా కంప తీసేది. ఇయాల ఎంతసేపు చూసినా రాకపోతివి. ఇడిసేస్తిని."

"నేను పోయినాకనా?"

"రెండేండ్ల నుంచి అంతే గదా. గొర్రెలకు గూడా తెలుసు."

గొర్రెల్ని తప్పించుకుని ముందుకు పోతే, పశువుల కొట్టాల్లో నరసక్క పాల గిన్నె లోపల పెట్టి బయటికొస్తోంది. దూడ అప్పటికే తల్లి పొదుగు కింద దూరి ఉంది.

"ఏం పాపా, ఇయాల ఇంతసేపు? ఒంట్లో బాగలేదా? రోజూ నువ్వొచ్చే ఏళకు పాలు పిండి దూడను ఇడుస్తాంటి."

సుంకులమ్మ కాళ్లు కదులుతున్నాయి గానీ బుర్ర కదలలేదు. ఈ రెండేళ్లూ గడియారం తప్ప ఇంకేమీ చూడలేదు. వీళ్లేమో రోజూ తనను చూస్తూనే ఉన్నారు.

తిరిగొచ్చేసరికి ఉస్తాద్ గడ్డం గీసుకోవడం, టీ తాగడం కూడా అయిపోయింది. మామూలు రోజుల్లో ఆమె వచ్చేసరికి తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఉండేవాడు.

"ఎట్లుంది దారి?" అన్నాడు.

ఆ పిల్ల వెనక్కి తిరిగి దారి వైపు చూసింది. గూటి వైపు చూడనే లేదు.

మంగళవారం నరసక్క దూడను విప్పుతోంది. బుధవారం గిన్నె నిండింది గానీ దూడ ఇంకా గుంజకే ఉంది. గురువారం వచ్చేసరికి ఆ పిల్ల పరుగు ముగించి ఇంటికి పోకుండా మా అరుగెక్కి కూర్చుంది. "అన్నా, గిన్నె ఇంకా నిండలా! నాలుగు వేళ్లు తక్కువుంది!" అని చేతులతో కొలత చూపించింది. నాకు రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి.

ఇక శుక్రవారం! శనివారం కాళ్లకు సెలవన్నాడు ఉస్తాద్, కాబట్టి ఏది తేలినా ఆ రోజే తేలాలి.

తూము దగ్గర ఈరన్న తాత ఇంకా తలగుడ్డ చుట్టుకుంటున్నాడు. "ఓయమ్మో, అప్పుడేనా!" అని ఒక చేత్తో తలగుడ్డ, ఇంకో చేత్తో కుక్క మెడ పట్టుకుని పక్కకు తప్పుకున్నాడు.

కొట్టాల్లో నరసక్క బర్రె దగ్గరి నుంచి లేవకుండానే అరిచింది. "సగమే పాపా! గిన్నె సగమే! ఉరుకు, ఉరుకు!"

సుంకులమ్మకు నవ్వు పొంగుకొచ్చింది. పరుగులో నవ్వితే ఊపిరి తప్పుతుందని తెలుసు, అయినా ఆగలేదు. మంచుకు తడిసిన జొన్న ఆకులు దారి మీదికి వంగి చేతులకు కొట్టుకుంటున్నాయి. దీన్నా నేను చచ్చిన దారన్నదీ, అనుకుందట.

ఎనిమిదో కిలోమీటరు దగ్గర వాళ్ల మడి. ఆమె వచ్చే వేళకు మద్దిలేటి అక్కడ వీపు ఇటు పెట్టి పార వేస్తుంటాడు. ఏనాడూ తలెత్తి చూసింది లేదు. ఆ రోజు మళ్లో ఎవరూ లేరు.

మలుపు తిరగ్గానే ఎదురొచ్చాడు, పార భుజాన వేసుకుని. ఇరుకు గట్టు అది. ఒక పక్క కాలవ, ఒక పక్క నీళ్లు పెట్టిన మడి. ఇద్దరు పట్టరు.

"నాయినా, దారి!"

మద్దిలేటి కూతుర్ని చూశాడు. తన మడి ఇంకా ఎంత దూరముందో చూశాడు. చెప్పులతోనే మళ్లోకి దిగాడు, పిక్కల దాకా బురదలోకి.

ఆమె దాటిపోయాక వెనక నుంచి కేక వినబడింది. "నేనింగా మడి కాడికి పోనే లేదే! పో తల్లీ, పో!"

తల్లీ అని వాళ్ల నాయన పిలవడం ఊహ తెలిశాక అదే మొదటిసారట. అక్కడి నుంచి ఊరిదాకా ఎట్లా వచ్చిందో ఆమెకే తెలీదు.

నాకు తెలుసు. అరుగు మీద నుంచి చూస్తూనే ఉన్నాను. వీధి చివర దుమ్ము లేచింది. ఆ పిల్ల వాకిట్లోకొచ్చి పడి, మోకాళ్ల మీద చేతులానించి రొప్పుతోంది. కళ్లల్లో నీళ్లు, మొహం నిండా నవ్వు.

నేను ఉండబట్టలేక గూటి దగ్గరికి ఉరికాను. దొంగచాటుగా ఆమె బయల్దేరినప్పుడే గడియారం నొక్కి పెట్టాను మరి!

"వద్దన్నా," అంది సుంకులమ్మ. ఆమె ఉస్తాద్ వైపే చూస్తోంది.

ఉస్తాద్ అద్దం ముందు నుంచి ఇటు తిరిగాడు. ఒక చెంప నున్నగా ఉంది. రెండో చెంప నిండా సబ్బు నురగ. కత్తి ఇంకా చేతిలోనే ఉంది.

"ఎంతైంది ఉస్తాద్?" నేనే అడిగాను.

ఆయన నురగ చెంప మీద వేలు పెట్టి చూపించాడు.

"ఇంత మిగిలింది."