వకుళ వేసిన కంచం

ఇందుమతి ఆరేళ్లుగా ఒకే ఒక్క జన్యువు మీద పనిచేస్తోంది. దాని పేరు సీహెచ్‌డీ8. కణంలో డీఎన్‌ఏ పోగు బిగుతుగా చుట్టుకుని ఉంటుంది. కావలసిన చోట ఆ చుట్టను వదులు చేసే ప్రొటీన్ ఈ జన్యువు నుంచే తయారవుతుంది.

ఆమె చెల్లెలు వకుళకి పుట్టుకతోనే ఆ జన్యువు పాడైంది. వకుళకి పంతొమ్మిదేళ్లు. అందుకే ఇంతవరకు ఒక్క మాట పలకలేదు. ఆ నోట "అక్కా" అని వినాలనే ఇందుమతి ఈ చదువులోకి వచ్చింది.

ఆ రోజు ఇంకో ప్రయోగం పోయింది. ఇందుమతి తన గురువు భ్రమరాంబ గారి గదికి వెళ్లింది.

"దీనికి మందు దొరకడానికి ఇంకెన్నేళ్లు పడుతుంది మేడమ్?"

"నేను చూడనేమో. నువ్వైనా చూస్తావో లేదో చెప్పలేను."

ఇందుమతి తల వంచుకుంది. "ఏదో ఒకటి సాధించాకే ఇంటికెళ్లాలని ఉంది. ఉత్త చేతుల్తో వెళ్లి దాని మొహం చూడలేను."

భ్రమరాంబ గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"వకుళ నిన్ను చూసి ఎన్నాళ్లయింది?"

"ఎనిమిది నెలలు."

మర్నాడు ఆవిడ ఇందుమతి సొంతూరు బొబ్బిలికి రెండు రైలు టిక్కెట్లు తెచ్చి ఆమె చేతిలో పెట్టారు.

ఇంట్లో చెప్పకుండానే ఇద్దరూ వెళ్లారు. ఇల్లు చేరేసరికి భోజనాల వేళ. ఆ ఇంట్లో ఉండేది తల్లీ, వకుళా ఇద్దరే. వంటింట్లో నేల మీద మూడు కంచాలు ఉన్నాయి.

ఇందుమతి పెరట్లో కాళ్లు కడుక్కుంటుంటే, భ్రమరాంబ గారు లోపలికి వచ్చి మూడో కంచం ముందు కూర్చున్నారు.

మంచినీళ్లు తెస్తున్న వకుళ ఆగిపోయింది. చెంబు కింద పెట్టి వచ్చి, ఆవిడ మోచెయ్యి పట్టుకుని మెల్లగా లేపింది.

తల్లి నొచ్చుకుంది. "ఏటీ అనుకోకండి మేడమ్. అది అక్క కంచం. రోజూ రెండు పూటలా ఏస్తాది. తీసెయ్యమంటే ఊరుకోదు. తిన్నంతసేపూ గుమ్మం కేసే చూస్తాది."

గుమ్మంలో ఇందుమతి తడి కాళ్లతో నిలబడి ఉంది.

వకుళ ఆమెను చూసింది. కంచాన్ని ఓణీ చెంగుతో తుడిచి, మళ్లీ అక్కడే పెట్టింది.

ఇందుమతి వచ్చి కంచం ముందు కూర్చుంది. వకుళ ఆమె మోకాలికి మోకాలు ఆనించి పక్కనే కూర్చుంది.

భ్రమరాంబ గారు కాస్త ఎడంగా జరిగారు.

"నాకింకో కంచం వెయ్యండమ్మా" అన్నారు.