ఏడో సిఫారసు

డాక్టర్ మాణిక్యాంబ గారు ఏ నివేదిక చేతికిచ్చినా చివరి పేజీ నుంచి వెనక్కి చదువుకుంటూ వచ్చేవారు. "విందులో పాయసం అందరూ బాగానే చేస్తారు. వంటవాడి సంగతి మజ్జిగ దగ్గర తెలుస్తుంది" అనేవారు. ముప్పయ్యేళ్ళు ప్రజారోగ్యం బోధించి, పదవీ విరమణ చేసి, కాకినాడ రామారావుపేటలో ఒక పాత డాబా ఇంట్లో ఉంటున్నారు. ఆవిడ గురించి శిష్యులు చెప్పుకునే సంగతి ఇంకొకటి ఉంది. జీపు వేసుకుని పల్లెల్లో సర్వేలకు వెళ్ళిన రోజుల్లో ఆవిడ ఎవరింటా మంచినీళ్ళు ముట్టేవారు కారు. ఎండ ఎంత మండుతున్నా సరే, చెంబు అందిస్తే దణ్ణం పెట్టి పక్కన పెట్టేసేవారు. కొందరు మడి అన్నారు. కొందరు కులపట్టింపు అన్నారు. జీపు డ్రైవరు మాత్రం అది చదువుకున్నవాళ్ళ గర్వమని తేల్చేశాడు. ఆ డ్రైవరు దారిలో రెండు మూడు చోట్ల బండి ఆపి తుప్పల చాటుకు వెళ్ళొచ్చేవాడు. అది వేరే సంగతి.

ఆవిడ శిష్యుల్లో చింతాడ ధర్మారావు ఒకడు. ఇప్పుడతనికి నలభై అయిదేళ్ళు. పక్క జిల్లాలో బడిపిల్లల ఆరోగ్య పథకం చూసే అధికారి. ఏప్రిల్ నెలలో ఒక శనివారం, మూడు గంటలు బస్సులో ఉడికి, బైండు చేసిన నివేదిక చంకలో పెట్టుకుని వచ్చి, కుర్చీలో సరిగా కూర్చోకుండానే మొదలెట్టాడు.

"విసుగెత్తిపోయింది మేడమ్! పరిశోధన ఏం చెప్పిందో మేం అదే చేశాం. ఆడపిల్లలు బళ్ళో నీళ్ళు తాగడం లేదు, అందుకే మూత్రనాళాల జబ్బులు వస్తున్నాయి అని సర్వే తేల్చింది. సరేనని రోజుకు మూడుసార్లు నీళ్ళ గంట పెట్టించాం. గంట కొట్టగానే పాఠం ఆపి అందరూ నీళ్ళు తాగాలి, టీచరు రిజిస్టరులో టిక్కు పెట్టాలి. నూటికి తొంభై ఎనిమిది మంది తాగుతున్నారు. జబ్బు మాత్రం వీసమెత్తు తగ్గలేదు. పావని అని తొమ్మిదో తరగతి పిల్ల, కిడ్నీకి చీము పట్టి పదకొండు రోజులుగా ఆసుపత్రిలో ఉంది. దాని పేరుకెదురుగా ఒక్కనాడూ టిక్కు తప్పలేదు. మరి తప్పు ఎవరిది? పరిశోధనదా, పిల్లలదా?"

"నువ్వేమనుకుంటున్నావు?"

"పిల్లలదే. వట్టి దొంగవేషాలు. తాగినట్టు నటిస్తున్నారు. అందుకే ఏడో సిఫారసు రాశాను." అతను పేజీ తీసి గట్టిగా చదివాడు. "'ప్రతి విద్యార్థినీ ఉపాధ్యాయుల ఎదుట వరుసలో నిలబడి, గ్లాసు నిండా నీరు తాగి, ఖాళీ గ్లాసు బోర్లించి చూపవలెను.' సాయంత్రం అయిదింటికల్లా సంతకం చేసి పంపాలి మేడమ్. సోమవారం నుంచి నాలుగు వందల బళ్ళల్లో అమలు. మీరొక్కసారి చూసి సరేనంటే నాకు కొండంత ధైర్యం."

మాణిక్యాంబ గారు నివేదిక అందుకుని, అలవాటు ప్రకారం వెనక నుంచి తెరిచారు. చివరి పేజీ దగ్గర చాలాసేపు ఆగారు. తర్వాత ఒక పట్టిక మీద వేలు పెట్టారు.

"నీళ్ళు ఎందుకు తాగరన్న ప్రశ్నకి 'ఇతర కారణాలు' నలభై మూడు శాతం అని వేశావు. ఏమిటవి?"

"అవా? చిల్లర కారణాలు మేడమ్. ఒక్కొక్కత్తీ ఒక్కోటి రాస్తుంది. కంప్యూటర్లో వాటికి గడి లేదు. అన్నీ పోగేసి అక్కడ పడేశాం."

"గడి లేదూ!" అన్నారావిడ. ఆ మాట అన్న తీరుకి ధర్మారావుకి పాతికేళ్ళ కిందటి మౌఖిక పరీక్ష గుర్తొచ్చింది. ఆవిడ లోపలికి తిరిగి "నూకాలూ!" అని కేకేశారు.

నూకాలు ఆ ఇంట్లో వంటా వార్పూ అన్నీ చూసుకునే మనిషి. ఇల్లు తనదే, అమ్మగారు అద్దెకుంటున్నారు అన్నట్టు ఉంటుంది. ఆవిడ చెవిలో ఏదో చెప్పగానే నూకాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పోయింది. కాసేపటికి చీపురు చప్పుడు, నీళ్ళు గుమ్మరించిన చప్పుడు వినిపించాయి.

"నాలుగు వందల బళ్ళల్లో పెట్టేముందు నీ ఏడో సిఫారసు ఒక ఇంట్లో పెట్టి చూద్దాం" అన్నారు మాణిక్యాంబ గారు. "ఇది బడి. నువ్వు తొమ్మిదో తరగతి. నేను వదిలేదాకా గుమ్మం దాటకూడదు."

అని బల్ల మీది ఇత్తడి గంట మోగించారు. ఆ గంటకో కథ ఉంది. పదవీ విరమణనాడు పెద్దలంతా శాలువాలు కప్పితే, బంట్రోతు మాత్రం ఆవిడ ఇరవయ్యేళ్ళుగా తనని పిలిచిన గంటనే చింతపండుతో తోమి తెచ్చి, "ఇక నన్ను పిలవలేరు కదమ్మా, ఉంచుకోండి" అన్నాడు. శాలువాలు చిమటలు కొట్టేశాయి. గంట మిగిలింది.

నూకాలు అరలీటరు పట్టే స్టీలు గ్లాసు తెచ్చింది. ధర్మారావు ఎండన పడి వచ్చిన మనిషి, గటగటా తాగి గ్లాసు బోర్లించాడు. నూకాలు సుద్దముక్కతో గోడమీద టిక్కు పెట్టింది. ఆవిడ మొదటి సిఫారసు మీద చర్చ మొదలెట్టారు. అది సాగి సాగి మూడో సిఫారసు దగ్గరకొచ్చేసరికి మళ్ళీ గంట మోగింది. రెండో గ్లాసు. కాఫీ ఇస్తారేమో అనుకున్నాడు గానీ గురువు ముందు అడగలేకపోయాడు. అయిదో సిఫారసు దగ్గర మూడో గ్లాసు. అది సగంలో ఆగబోతే నూకాలు నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"బోర్లించండి బాబూ, బోర్లించండి. నేను టిక్కెట్టాలి."

ఆరో సిఫారసు మీద ఆవిడ ఏమన్నారో అతని బుర్రకెక్కలేదు. కాలు మీద కాలు వేసుకున్నాడు, తీశాడు, మళ్ళీ వేసుకున్నాడు. చివరికి లేచి, "ఒక్క నిమిషం మేడమ్" అని పెరట్లోకి నడిచాడు. స్నానాలగది పక్క తలుపుకి గుప్పెడంత తాళం వేలాడుతోంది.

"నూకాలూ! తాళం తియ్యి."

"అయ్యో బాబూ, ఇప్పుడే కదండీ కడిగేను! సబ్బేసి, బ్రష్షేసి, మోకాళ్ళు పడిపోయేయి. ఫోటో కూడా తీసేను. మీరెళ్తే మళ్ళీ పాడైపోదాండీ?"

"ఫోటో ఏమిటే?"

"ఎవరైనా అడిగితే చూపించాలంటండి. మెరిసిపోవాలంట. నాలుగింటికి తీస్తాను, బడి వదిలేక." తాళంచెవి ఆమె బొడ్డున భద్రంగా ఉంది.

ధర్మారావు పెరటి గోడవైపు చూశాడు. గోడ మోకాలెత్తు. అవతల డాబా మీద ఇద్దరాడవాళ్ళు గుమ్మడి వడియాలు పెడుతున్నారు. అందులో పెద్దావిడ ఇతన్ని చూసి, "మేడమ్ గారి చుట్టాలాండీ? బాగున్నారా?" అని పలకరించింది. బాగున్నానని చెప్పి తిరిగొచ్చాడు.

"మేడమ్, వీధి చివర హోటలుంది. అయిదు నిమిషాల్లో వచ్చేస్తాను."

"తొమ్మిదో తరగతి పిల్ల పాఠం మధ్యలో లేచి హోటలుకి పోతుందిటయ్యా?"

"పరిహాసాలకి ఇది వేళ కాదండీ!" అతని గొంతు హెచ్చింది. "అక్కడ ఒక పిల్ల ఆసుపత్రిలో ఉంది!"

"అందుకే" అని ఆవిడ గంట కొట్టారు.

నాలుగో గ్లాసు వచ్చింది. ధర్మారావు దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. పెదవులు తడిపాడు. గుటక వేసినట్టు గొంతు కదిలించాడు, ఒకసారి, రెండుసార్లు. మాణిక్యాంబ గారు కళ్ళద్దాల కోసం అటు తిరిగారు. నూకాలు సుద్దముక్క వెతుక్కుంటోంది. కుర్చీ పక్కనే క్రోటన్ మొక్క కుండీ ఉంది. నలభై అయిదేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, జిల్లా అధికారి, రెప్పపాటులో గ్లాసుడు నీళ్ళూ ఆ కుండీలో పోసి, గ్లాసు బోర్లించి చూపాడు. చుక్క రాలలేదు.

"తాగేశాను."

"టిక్కు పెట్టు నూకాలూ" అన్నారావిడ ఇటు తిరక్కుండానే. "నూటికి నూరు."

కుండీ అడుగునుంచి నీళ్ళు సన్నటి పాయగా కారి అతని పాదాల దాకా వచ్చాయి. ధర్మారావు వాటిని చూసి కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. మెల్లిగా తలెత్తాడు.

"మేడమ్... సర్వేలకి వెళ్ళినప్పుడు మీరు పల్లెల్లో నీళ్ళు ముట్టేవారు కారు."

"ముందురోజు సాయంత్రం నుంచే మానేసేదాన్ని."

"మేం కులపట్టింపు అనుకున్నాం."

"తెలుసు. దానికీ మీ దగ్గర గడి లేదుగా!" ఆవిడ నివేదిక అతని ఒళ్ళో పడేశారు. "చివరి పేజీ చదువు."

చివరి పేజీ అంటే, పిల్లలు పూర్తిచేసిన ప్రశ్నపత్రాల్లోంచి నమూనాగా కుట్టిన ఒక నకలు. ఏదో ఒకటి కుట్టమని బైండింగువాడికి చెప్పింది ధర్మారావే. చదవలేదు. 'ఇతర కారణాలు' దగ్గర టిక్కు, పక్కన ఇరుకు జాగాలో గుండ్రటి అక్షరాలు: "పొద్దున్నే మరుగుదొడ్డి కడిగి ఫోటో తీసి పంపుతారు. తర్వాత తాళం వేసేస్తారు. తీస్తే తాగుతాను."

మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటే ఆడపిల్లలు చదువు మానరని ఇంకెవరో పరిశోధించి తేల్చారు. అదీ నిజమే. దాని మీద ఇంకో పథకం వచ్చింది. ఆ పథకం ప్రతి బడినీ రోజుకొక ఫోటో అడిగింది. ఆ ఫోటోలు వచ్చేది ధర్మారావు ఆఫీసుకే. అద్దంలా ఉంచుతున్నారని మొన్న ఒక హెడ్మిస్ట్రెస్‌కి మెచ్చుకుంటూ ఉత్తరం కూడా రాశాడు. పావని చదివేది ఆ బళ్ళోనే.

అతని ముఖం చూసి నూకాలుకే జాలేసింది. బొడ్డున ఉన్న తాళంచెవి తీసి, "పోనీలెండి, పాడైతే మళ్ళీ కడుక్కుంటాను" అని విసిరింది. జిల్లా అధికారి దాన్ని గాల్లోనే పట్టుకుని పెరట్లోకి పరుగెత్తాడు.

తిరిగొచ్చి, కలం తీసి ఏడో సిఫారసు అడ్డంగా కొట్టేశాడు. అంతలో ఫోను మోగింది. ఆఫీసు నుంచి.

"లేదయ్యా, సంతకం ఇవాళ కాదు. సోమవారం నేను బళ్ళకి వెళ్ళొచ్చాక... అడిగితే నేను చెప్పుకుంటాను. ఆ నలభై మూడు శాతం కాగితాలు కట్ట విప్పి నా బల్ల మీద పెట్టించు... రిజిస్టర్లెందుకయ్యా నాకు! ఏ బళ్ళో తాళం ఎవరి దగ్గరుంటుందో రాయించి ఉంచు. హాస్యం కాదు, తాళమే!"

ఫోను పెట్టేసి చతికిలబడ్డాడు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. పెరట్లో మరుగుదొడ్డి తలుపు బార్లా తెరిచి ఉంది, తాళం విడిగా కిటికీలో పడి ఉంది. ధర్మారావు కూజా అందుకుని గ్లాసు నిండా వంపుకుని, ఆపకుండా అడుగంటా తాగేశాడు. మూతి తుడుచుకుని మళ్ళీ సగం వంపుకున్నాడు.

మాణిక్యాంబ గారు కళ్ళద్దాల పైనుంచి చూశారు.

"అదేమిటి ధర్మా? నేనింకా గంట కొట్టలేదే!"