ఓబులేసు జట్టు మారిన ఏడాది

హుసేనప్ప కళ్లు మూసుకుని తస్బీ పూసలు తిప్పడం మొదలుపెడితే చాలు, ఓబులేసు కనబడేవాడు. కోటకల్లు జట్టు పచ్చ బనీను వేసుకుని, షీల్డు నెత్తిన పెట్టుకుని నవ్వుతూ కనబడేవాడు. దేవుడి పేరు నోట్లోనే ఆగిపోయేది.

హుసేనప్ప చింతలదొడ్డిలో దర్జీ. పదకొండేళ్లుగా ఆ ఊరి కబడ్డీ జట్టుకు బనీన్లు కుట్టింది ఆయనే. ఆ జట్టుకు ప్రాణం ఓబులేసు. కూతకు వెళ్తే ఇద్దరినో ముగ్గురినో కొట్టిగాని తిరిగి వచ్చేవాడు కాదు. మిగిలిన ఆరుగురూ పొలం పనుల మధ్య తీరిక చేసుకుని ఆడేవాళ్లు. ఏటా జిల్లా పోటీల్లో చింతలదొడ్డి ఫైనల్ దాకా వెళ్లేది. ఏటా అక్కడ కోటకల్లు చేతిలో ఓడేది. కోటకల్లులో తిక్కన్న, బసవరాజు అని ఇద్దరు ఉండేవాళ్లు. వాళ్లిద్దరినీ దాటడం ఎవరి తరమూ కాలేదు.

ఓడినా సరే, లారీ దిగగానే ఊరు ఓబులేసును భుజాల మీద ఊరేగించేది. ముందు భుజం హుసేనప్పదే.

ఈ ఏడు ఓబులేసు కోటకల్లుకు వెళ్లి ఆ ఇద్దరి పక్కన నిలబడ్డాడు. ముగ్గురూ కలిసి పోటీలన్నీ ఊడ్చేశారు. ఎలాగో ఫైనల్ దాకా వచ్చిన చింతలదొడ్డి మీద నలభై పాయింట్ల తేడాతో గెలిచారు.

మర్నాడు పొద్దున చింతలదొడ్డి బస్టాండు దగ్గర జనం పోగయ్యారు. ఓబులేసు భార్య రామలక్ష్మి ఇడ్లీ అంగడి అక్కడే. ఎవరో ఓబులేసు ఫోటోకు చెప్పుల దండ వేశారు. ఎవరో నోటికొచ్చినట్టు తిట్టారు. హుసేనప్ప వంగి, దోసెడు మట్టి తీసుకుని, ఉడుకుతున్న సాంబారులో పోశాడు. జనం ఈలలు వేశారు. రామలక్ష్మి గరిటె పట్టుకుని ఆయన మొహమే చూస్తూ నిలబడింది.

ఆ రోజు నుంచి ఊళ్లో ఎవరూ ఆమె అంగడి మెట్టు ఎక్కలేదు.

పద్దెనిమిదో రోజు పొద్దున్నే హుసేనప్ప గుట్ట మీది దర్గాకు వెళ్లాడు. అక్కడ ఉండే ఖాశిం స్వామి ఆయన గురువు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి. ఊళ్లోకి దిగి చాలా కాలమైంది. ఎవరైనా తెచ్చి పెడితే తింటాడు, లేకపోతే అడగడు. హుసేనప్ప వెళ్లేసరికి స్వామి గడపలో కూర్చుని తన చిరిగిన దుప్పటికి తానే మాసిక వేసుకుంటున్నాడు.

"సామీ, మనసు నిలవడంలేదు."

"ఎవురి మీద కోపం?"

హుసేనప్ప చెప్పాడు. మొదట మెల్లగా మొదలుపెట్టినా, చెబుతూ చెబుతూ గొంతు పెంచాడు.

"జట్టు మారినందుకు గాదు సామీ. యాడికన్నా పోయి తన బలంతో గెలిచి ఉంటే ఓర్చుకుందును. పదకొండేండ్లు మమ్మల్ని ఓడగొట్టినోళ్ల పక్కకే పోయినాడు. ముగ్గురు గట్టోళ్లు ఒకే తావున చేరి, మడక దున్నుకునే పిల్లోళ్లను తొక్కితే అదొక గెలుపా? ఆ గెలుపుకు సిగ్గుండద్దా? ఎండల్లో నిలబడి గొంతులు చించుకున్యాం. ఓడినా మావాడే అనుకున్యాం. ఇప్పుడు ఆ ఓడిపోయినవన్నీ దేనికీ పనికిరాకుండా చేసినాడు."

చెప్పినంతసేపూ స్వామి సూది ఆపలేదు. హుసేనప్ప మట్టి సంగతి మాత్రం ఎత్తలేదు.

స్వామి దారం కొరికి, దుప్పటి మడిచి పక్కన పెట్టాడు. లోపలికి వెళ్లి టిఫిన్ క్యారియర్ తెచ్చి హుసేనప్ప చేతికిచ్చాడు.

"ఆకలైతా ఉండాది నాయనా. బస్టాండు కాడ రామలక్ష్మి అంగట్లో నాలుగు ఇడ్లీ పట్టుకురా. తిన్నాక మాట్లాడుకుందాం."

హుసేనప్ప క్యారియర్ వైపు చూశాడు. "గుట్ట దిగంగానే ఇంకో హోటలు ఉండాది సామీ. వేడివేడిగా..."

"రామలక్ష్మి అంగట్లోనే."

ఆయన గుట్ట దిగి బస్టాండుకు నడిచాడు. దారిలో రెండుసార్లు ఆగాడు. వేరే హోటల్లో ఇడ్లీ కట్టించుకుని పోతే స్వామికి ఏం తెలుస్తుందని కూడా అనుకున్నాడు. కానీ ఇరవై ఏళ్లుగా ఆ మనిషికి ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. ఈ పొద్దు ఒక మాట దాచి పెట్టిందే చాలనిపించింది.

అంగడి ముందు టెంపో ఆగి ఉంది. బెంచీలు అప్పటికే అందులోకి ఎక్కించేశారు. పొయ్యి చల్లగా ఉంది. రామలక్ష్మి ఇడ్లీ పళ్లాలను గోనెసంచిలో సర్దుతోంది. ఆయన్ను చూసి చేతులు ఆపింది.

"ఏంగావాల?"

"గుట్ట మీద సామికి... నాలుగు ఇడ్లీ."

"పొయ్యి వెలిగించలేదు. సాంబారు పెట్టలేదు." ఆమె మళ్లీ పళ్లాలు సర్దడం మొదలుపెట్టింది. "ఈ పొద్దు నువ్వు మట్టి పొయ్యడానికి ఈడ ఏమీ లేదన్నా."

ఆమె ఎప్పుడూ అలాగే పిలిచేది. ఆ రోజూ అన్నా అనే పిలిచింది. అదే ఆయన తట్టుకోలేకపోయాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు.

"మమ్మల్ని వదిలేసి పోయినాడు గదమ్మా."

రామలక్ష్మి లేచి నిలబడింది. గొంతు పెంచలేదు.

"పదకొండేండ్లు ఒక్క ఆట తప్పకుండా చూసినావు. ఆయన చస్తే బతికించినోడు ఒక్కడన్నా ఉన్యాడా, చెప్పు."

కబడ్డీలో ఔటైనవాణ్ణి చచ్చాడంటారు. చచ్చినవాడు గీత బయట కూర్చోవాలి. తన జట్టువాళ్లు అవతలివాణ్ణి ఔట్ చేస్తేనే బతికి మళ్లీ లోపలికి వస్తాడు. చింతలదొడ్డి జట్టులో ఓబులేసు చస్తే, ఫైనల్లో ఇంక కొట్టేవాడు ఉండేవాడు కాదు. హుసేనప్పకు అది తెలుసు. ఓబులేసు గీత బయట మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చోవడం పదకొండు ఫైనళ్లలో చూశాడు. అప్పుడు తాను చేసిందీ గుర్తుంది. జనం మధ్యనుంచి "లెయ్ రా ఓబులేసూ, లెయ్!" అని అరిచేవాడు. లేవడం ఓబులేసు చేతిలో లేదని తెలిసే అరిచేవాడు.

"షీల్డు గెలిచిన దినం ఫోన్ చేసినాడు," అంది రామలక్ష్మి. "గెలిచినామని చెప్పనేలేదు. 'నేను చచ్చి కూచుంటే ఒక్క కూతలో బతికించినారే' అని ఏడ్చినాడు. అంత పెద్ద మనిషి ఫోన్లో ఎక్కెక్కి ఏడ్చినాడు. నేనూ ఏడ్చినా. ఊరోళ్లు కూడా సంతోషపడతారులే అనుకుంటి. పొద్దున్నే అంగడి తెరిస్తే మీరొస్తిరి."

హుసేనప్ప కింద సాంబారు డేగిశా ఉంటే వంగి దాని చెవులు పట్టుకున్నాడు, టెంపోలో పెడదామని.

"వద్దన్నా," అంది ఆమె. "దాన్ని నువ్వు ముట్టుకోవద్దు."

ఆయన వదిలేశాడు. డ్రైవరూ ఆమే చెరోపక్క పట్టుకుని ఎత్తారు. టెంపో కోటకల్లు దారి పట్టింది. బస్టాండులో నలుగురైదుగురు చూస్తూ నిలబడ్డారు. ఈసారి ఎవరూ ఈల వేయలేదు. ఎవరూ ఆపనూ లేదు.

హుసేనప్ప ఖాళీ క్యారియర్‌తో గుట్ట ఎక్కేసరికి ఎండ ముదిరింది. స్వామి గడపలోనే ఉన్నాడు.

"ఇడ్లీ ఏదీ?"

"అంగడి ఎత్తేసింది సామీ. కోటకల్లు పోయింది."

"నాలుగూళ్ల జనం తినే అంగడి గదా. ఎందుకు ఎత్తేసింది?"

హుసేనప్ప క్యారియర్ కింద పెట్టాడు. తర్వాత చెప్పాడు.

"సాంబారులో మట్టి పోసినాం."

"ఎవురు?"

"నేను సామీ. నేనే పోసినా."

"ఒక్కడివేనా?"

"ఊరంతా ఉండె, నా ఎనకాల."

"ఆయమ్మ ఎనకాల?"

హుసేనప్ప గోడకు ఆనుకుని కూర్చున్నాడు. స్వామి ఆయన్ను ఓదార్చలేదు, మందలించనూ లేదు. చెంబెడు నీళ్లు తెచ్చి ముందు పెట్టాడు. నీళ్లు అలాగే ఉండిపోయాయి.

చివరికి హుసేనప్పే అడిగాడు. "ఇప్పుడేం చెయ్యమంటావు సామీ?"

"ఇడ్లీ తెమ్మంటిని గదా."

"కోటకల్లు అరవై కిలోమీటర్లు సామీ."

"బస్సుండాది."

"ఆ ఊరోళ్లు నన్ను గుర్తుపడితే ఊరుకోరు."

స్వామి దుప్పటి విప్పి, ఇంకెక్కడ చిరిగిందో వెతుక్కుంటున్నాడు.

"పోతా సామీ. పోయినా ఆయమ్మ పెట్టకపోతే?"

"పెట్టలేదని వచ్చి చెప్పు," అన్నాడు స్వామి. "అందాక నేను తినను."