ఉప్పుబండి గుర్రం

ధర్మనందిగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా, చిలక్కొయ్యనున్న ఉత్తరీయం తీసి భుజాన వేసుకుని "పద, అలా వెళ్ళొద్దాం" అనేవారు. ఆయన ఆశ్రమం కృష్ణ ఒడ్డున, రేవు నుంచి కొండమీది నగరానికి ఎక్కే బండ్లబాట పక్కన ఉండేది. ఆ బాటన నడిచి నడిచి శిష్యులకు శాస్త్రం ఎంత వచ్చిందో చెప్పలేను గాని, పిక్కలు మాత్రం బాగా గట్టిపడ్డాయి.

శిష్యుల్లో పెద్దవాడు విధికుడు. కొత్తగా చేరినవాళ్ళచేత పాఠం వల్లెవేయించే పని అతనిది. తెలివైనవాడే, మంచివాడే, ఓపిక ఒక్కటే చిటికెడు తక్కువ. ఆ యేడు అతనికి మూలసిరి అనే కొరకరాని కొయ్య తగిలాడు. కొండల్లోని గూడెం నుంచి వచ్చిన మనిషి, గడ్డం అప్పుడే నెరుస్తోంది, చదువు మీద ఆశకొద్దీ పొలం తమ్ముడికి అప్పగించి వచ్చాడు. తోటివాళ్ళతో కూర్చుంటే గలగలా మాట్లాడేవాడు. పాఠం దగ్గర మాత్రం ఒక్క చరణం చెప్పి ఊపిరి తీసుకోవడానికి ఆగేవాడు. తరవాతది చెప్పమని విధికుడు "ఊఁ!" అనేవాడు. మూలసిరి చేతులు కట్టుకుని తల వంచుకునేవాడు. విధికుడు ఇంకా గట్టిగా "ఊఁ!" అంటే ఆ తల ఇంకా కిందికి పోయేది. వేసవి అంతా ఇదే తంతు.

చివరికి విసుగెత్తిన విధికుడు, ఇక లాభం లేదు, రేపటి పడవలో ఇంటికి పొమ్మని అతనికి చెప్పేశాడు. మూలసిరి వెళ్ళి మూట కట్టుకుని వసారాలో పెట్టుకున్నాడు. అది చూసేసరికి విధికుడికి లోపల కలుక్కుమంది. ఆ బాధ దించుకుందామనే గురువుగారి దగ్గరికి వెళ్ళాడు.

"గురుదేవా, ఎంత చెప్పినా విననివాణ్ణి ఏం చేయాలి? ఇన్నాళ్ళూ గుడ్డిగుర్రానికి పళ్ళు తోమినట్టయింది నా పని."

"గుర్రం అంటే గుర్తొచ్చింది," అంటూ గురువుగారు ఉత్తరీయం అందుకున్నారు. "బాట మీద ఏదో గుర్రం గొడవట. పద."

గొడవేమిటి, అక్కడ తిరనాళ్ళే జరుగుతున్నాయి. ఎత్తు ఎక్కే చోట సరిగ్గా నడిమధ్య ఒక ఉప్పుబండి ఆగిపోయింది, దాని వెనక రేవుదాకా బండ్లే బండ్లు. ఆ రోజుల్లో మన సీమలో బరువు మోసేది ఎద్దు, కబురు మోసేది గుర్రం. గుర్రం ఇక్కడ పుట్టేది కాదు. పడమటి సముద్రం దాటి ఓడల్లో వచ్చేది. పొద్దున ఒక కోటలో పుట్టిన వార్త పొద్దుగూకేలోగా ఇంకో కోటకు చేరిందంటే, రాజుగారి రథం శత్రువు కంటే ముందు సరిహద్దుకు చేరిందంటే, అంతా దాని చలవే. అంతటి గుర్రానికీ వయసు మళ్ళితే రథశాలవాళ్ళు సంతకు తోలేసేవారు. ఉప్పు అమ్ముకునే సంగముడు అలాంటిదాన్ని, ఇంట్లో అందరూ మొత్తుకుంటున్నా, జత ఎద్దులిచ్చి మరీ తెచ్చుకున్నాడు. గుర్రబ్బండి తోలాలని సరదా మరి! ఎద్దుల కాడి దాని మెడకు కుదరకపోతే రొమ్ముకు అడ్డంగా తోలుపట్టీ కుట్టించాడు. ఎత్తు మధ్యలో మొదటిసారి అదిలించేదాకా అంతా బాగానే ఉంది.

ఇప్పుడేమో నెత్తిన మబ్బు దిగుతోంది. వాన పడితే బండిలో ఉప్పు మిగలదు, ఈ యేడు ఇంట్లో పొయ్యి వెలగదు. సంగముడు ఎద్దుల్ని తోలినట్టే "హై! హై!" అని గొంతు చించుకుంటున్నాడు. గుర్రం చెవులు నిక్కించి, నాలుగు కాళ్ళూ నేలలో పాతినట్టు నిలబడింది. వెనక బండ్లవాళ్ళూ గొంతు కలిపారు. హై అన్నకొద్దీ అది ఇంకా బిగుసుకుంది. ఈ పూటే దీన్ని తోళ్ళవాళ్ళకు అప్పగించకపోతే తన పేరు సంగముడే కాదని అతను ఒట్టు పెట్టుకున్నాడు. ఆ మాట అంటూనే దాని మెడ నిమిరి కళ్ళు తుడుచుకున్నాడు.

విధికుడు ఊరుకుంటాడా? గుర్రాల లక్షణాలు అతనికి కంఠతా వచ్చు. నుదుటి సుడి పరీక్షించి, ఇది పుట్టు మొండిదని తేల్చి, తన వంతు హై కూడా ఒకటి జోడించాడు. గుర్రం అతనివైపు మర్యాదగా చూసి, నిలబడ్డచోటే నిలబడింది.

అప్పుడు గురువుగారు అందరినీ కాసేపు నోరు కట్టేసుకోమన్నారు. పెద్దాయన మాట గనక అందరూ ఊరుకున్నారు. రేవులో పడవలు ఒకదానికొకటి తగిలే చప్పుడు కూడా వినిపించింది. గుర్రం చెవులు అటూ ఇటూ తిప్పింది. ఇక ఎవరూ ఏమీ అనరని నమ్మకం కుదిరాక, మెడ వంచి, రొమ్ము పట్టీకి ఆనించి అడుగు వేసింది. బండి కదిలింది.

సంగముడు ఆనందం పట్టలేక "హై! హై!" అని గంతులేశాడు. గుర్రం టక్కున ఆగిపోయింది.

వెనక బండిలో ఒక ముసలమ్మ ముందు నవ్వింది, తరవాత బాటంతా నవ్వింది. సంగతి అప్పటికి అందరికీ తెలిసొచ్చింది. దాని దేశంలో హై అంటే ఆగమని. రథశాలలో తోలినవాళ్ళూ ఆ దేశం సారథులే. పాపం, ఆ మాటకు ఇంకో అర్థం ఉంటుందని దానికి చెప్పినవాళ్ళెవరు?

గురువుగారు గుర్రం నుదురు రాస్తూ, "సంగమా, ఇంత మాట వినేదాన్ని తోళ్ళకిస్తావా?" అన్నారు.

సంగముడు తలపాగా కొంగు నోట్లో కుక్కుకుని బండి పక్కన నడవడం మొదలుపెట్టాడు. గురువుగారు వెనక నుంచి బండికి ఒక చెయ్యి వేశారు. విధికుడు మాత్రం కదల్లేదు. అతని చెవిలో ఒక "ఊఁ" మోగుతోంది. వెంటనే ఆశ్రమానికి పరుగెత్తాడు.

వసారాలో మూలసిరి మూట పక్కనే కూర్చుని ఉన్నాడు. వాళ్ళ గూడెంలో పెద్దలు ఊఁ అంటే ఏమిటని విధికుడు రొప్పుతూ అడిగాడు.

"ఇక చాలు, నోరు ముయ్యి అని. మీరు అన్నప్పుడల్లా ఎక్కడ తప్పానా అని రాత్రంతా వెతుక్కునేవాణ్ణి. దొరికేది కాదు," అన్నాడు మూలసిరి.

విధికుడు ఒక్క మాట కూడా అనకుండా అతని ఎదురుగా కూర్చుని పెదాలు బిగించాడు. మూలసిరి కాసేపు చూశాడు. తిట్టేలా లేడని ధైర్యం చిక్కాక మొదలుపెట్టాడు. ఒక్కో చరణం దగ్గర ఊపిరి తీసుకుంటూ పాఠమంతా చెప్పాడు, ఒక్క అక్షరం జారలేదు. సంతోషం ఆపుకోలేక విధికుడు "ఊ" దాకా వచ్చి, చేత్తో నోరు మూసుకున్నాడు. మూలసిరి పకపకా నవ్వి మూట ముడి విప్పాడు.

బయట వాన దంచుతోంది. గురువుగారు నిలువునా తడిసి వచ్చి, గుమ్మంలో ఉత్తరీయం పిండుకుంటూ, విప్పిన మూటను, నోరు మూసుకున్న శిష్యుణ్ణి చూశారు.

"సరే, ఇక్కడా ఉప్పు తడవకుండా చేరిందన్నమాట," అన్నారు.