జగదేకరాజు కొలనులో దొంగ

తెల్లవారింది. గాలి లేదు. ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. వైశాఖపు ఎండ ఇంకా కోటగోడ దాటలేదు.

ఒకానొక కొండకోట రాజ్యంలో మా కాపురం. కోటంతటికీ ఒకటే కొలను, నాలుగు వైపులా రాతిమెట్లు. ఆ కొలనులో తెప్ప నడిపేది మా ఇంటి మగవాళ్లే. మా ఆయన, పెద్దవాడు గంగులు, చిన్నవాడు పోలడు, మరిది నూకయ్య.

రాజు పేరు జగదేకరాజు. ఆయనకు ఎవరి మీదా నమ్మకం లేదు. కాపలావాళ్ల మీద కాపలా పెట్టేవాడు, వాళ్ల మీద ఇంకొకణ్ణి. వేసవి వస్తే నీళ్లదొంగలు పుట్టుకొస్తారని ఆయన భయం. అందుకని రోజూ పొద్దుగూకే వేళ తానే మెట్లు దిగి, నీరు ఎంతవరకు ఉంటే అంతవరకు రాతిమీద ఎర్రటి జాజుతో గీత గీసేవాడు. పొద్దున్నే వచ్చి చూసుకునేవాడు. ఆ జాజు ఇంకెవరూ ముట్టకూడదు.

ఆ ఏడు నీరు బాగా అడుక్కి పోయింది. అన్ని మెట్లు దిగలేక రాజు ఆయాసపడుతుంటే, ఆస్థాన పండితుడు ఉపాయం చెప్పాడు. కొలనులో రాళ్లు వేయిస్తే నీరే పైకి లేచి ప్రభువుల పాదాల దగ్గరకు వస్తుందన్నాడు. రాయి వేస్తే నీరు పెరుగుతుందని చంటిపిల్లలకీ తెలుసు కదా. రాజుకు నచ్చింది.

ముందురోజు మధ్యాహ్నం మావాళ్లు తెప్ప నిండా రాళ్లెత్తారు. సాయంత్రం రాజు వచ్చి గీత గీసి వెళ్లాడు. తెల్లవారుతూనే మావాళ్లు రాళ్లన్నీ నీళ్లలోకి దొర్లించారు. ఆ తర్వాత రాజు వచ్చి చూశాడు.

నీరు గీతకు రెండు వేళ్లు కిందికి దిగి ఉంది.

పండితుడు వెంటనే లెక్క కట్టాడు. పెరగాల్సింది రెండు వేళ్లు, తగ్గింది రెండు వేళ్లు, కాబట్టి దొంగతనం నాలుగు వేళ్లని తేల్చాడు. కాపలావాళ్లు తమ మీదకు రాకుండా, తెప్పవాళ్లు తప్ప మెట్లు దిగినవాడు లేడన్నారు. రాజు ఒక్కమాటలో తీర్పు చెప్పాడట.

“నీరు తగ్గినప్పుడు నీటి దగ్గర ఎవడున్నాడో వాడే దొంగ.”

దాచిన నీళ్లు పొద్దుగూకే లోపల చూపించాలి. లేకపోతే నలుగురినీ పడమటి బురుజు మీంచి తోయిస్తారు. బురుజు కింద లోయ. అందులోంచి ఎవరూ తిరిగి రాలేదు.

భటులు మా ఇంటికి వచ్చి కుండలన్నీ వంచి చూశారు. ఆరేసిన పంచలు పిండి చూశారు. పక్కింటి పైడమ్మ గుమ్మంలో నిలబడి నా కడవ వంకే చూస్తోంది.

“ఏమే, ఈ ఎండల్లో కూడా నీ కడవ నిండుగానే ఉంటుందే” అంది. నిన్న ఇద్దరం కలిసే తోడుకొచ్చాం. నేను బదులు చెప్పలేదు. చెబితే అదీ సాక్ష్యమయ్యేట్టుంది.

కోట వాకిలి దగ్గర కూర్చున్నాను. పేరిభట్టు అటుగా వచ్చాడు. రాజును నవ్వించడం ఆయన ఉద్యోగం. ఏడవకుండా జరిగింది చెప్పమన్నాడు. చెప్పాను. ఒక్క ప్రశ్న అడిగాడు.

“రాజుగారు గీత గీసేసరికి రాళ్లు ఎక్కడున్నాయమ్మా?”

“తెప్ప మీదే ఉన్నాయి, అయ్యగారూ.”

ఆయన నవ్వుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. నలుగురు చావబోతుంటే నవ్వేవాణ్ణి ఏమని నమ్మను? రాజు తిండి తినేవాడే కదా.

మధ్యాహ్నం దాటాక కొలువు తీరింది. జనంతోపాటు నేనూ లోపలికి వెళ్లి నిలబడ్డాను. మావాళ్లను చేతులు కట్టి నిలబెట్టారు. పోలడి పెదవులు ఎండిపోయి ఉన్నాయి. పేరిభట్టు నీళ్లు నింపిన పెద్ద గుండిగను సభ మధ్యకు తెప్పించాడు. అందులో ఒక రాగిగిన్నె తేలుతోంది.

ఇక్కడ కూడా నీళ్లదొంగ ఒకడున్నాడని, పట్టిస్తానని మనవి చేశాడు. దొంగ అనేసరికి రాజు సింహాసనం దిగి వచ్చాడు. గుండిగ అడుగు తడిమాడు, చిల్లి లేదు. పేరిభట్టును చేతులు చూపించమన్నాడు, తడి లేదు. అయినా అందరినీ గోడవారకు పొమ్మన్నాడు, పేరిభట్టును కూడా.

గిన్నెలో ఏదైనా బరువైనది పెట్టాలన్నాడు పేరిభట్టు. రాజు ఇంకొకరి వస్తువును నమ్మడు. తన కిరీటమే తీసి గిన్నెలో పెట్టాడు. గిన్నె లోతుగా దిగింది గాని మునగలేదు. నీరు ఉన్నచోట తానే జాజుతో గీత గీశాడు.

ఇప్పుడు కిరీటాన్ని నీళ్లలో వదలమని, ఖాళీ గిన్నెను అలాగే తేలనివ్వమని పేరిభట్టు గోడవారనుంచే చెప్పాడు. రాజు అలాగే చేశాడు. కిరీటం మునిగింది. గిన్నె పైకి తేలింది.

రాజు వంగి చూశాడు. నీరు గీతకు వేలెడు కిందికి దిగింది. నేల తడిమాడు, పొడిగా ఉంది. మా అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూశాడు.

“ప్రభూ,” అన్నాడు పేరిభట్టు, “నీటి దగ్గర ఎవరున్నారు?”

“నేనే.”

“మరి ఉదయం తమరిచ్చిన తీర్పు నా నోటితో చెప్పలేను. తమరే సెలవివ్వాలి. పండితులవారి లెక్కన దొంగతనం రెట్టింపు కూడాను.”

భటులు ఎటు చూడాలో తెలియక ఈటెల మొనలు చూస్తున్నారు. పండితుడు స్తంభం చాటుకు జరిగాడు. నేను మావాళ్ల కట్లనే చూస్తున్నాను.

రాజు మళ్లీ గుండిగలోకి వంగి అడిగాడు.

“నీరు ఎక్కడికి పోయింది?”

“ఎక్కడికీ పోలేదు ప్రభూ. కిరీటం గిన్నెలో ఉన్నంతసేపు తన బరువుకు తగినంత నీటిని పైకి నెట్టింది. మునిగాక తన ఒళ్లు పట్టేంత నీటినే నెట్టింది. దాని బరువు పెద్దది, ఒళ్లు చిన్నది. రాళ్ల సంగతీ అంతే. తెప్పకు ఎత్తినప్పుడే కొలను పెరిగింది. అది ఎవరూ చూడలేదు. పెరిగిన నీటికి తమరు గీత గీశారు.”

రాజు గుండిగలో చెయ్యి పెట్టి కిరీటం తీసి తల మీద పెట్టుకున్నాడు. నీళ్లు నుదుటి మీంచి ముక్కు కొసకు కారి, అక్కణ్ణుంచి బొట్లుబొట్లుగా పడ్డాయి. ఎవరూ నవ్వలేదు. నవ్వితే ఏమవుతుందో మాకు తెలుసు.

ముందు ఆయనే నవ్వాడు. తర్వాత సభంతా నవ్వింది.

తన చేతి కడియం తీసి పేరిభట్టుకు తొడగబోయాడు. పేరిభట్టు వద్దనలేదు. దానితోపాటు ఇంకొకటి అడిగాడు. ఈ నలుగురినీ పొద్దుండగానే, పెద్దవాకిలి గుండా, ఊరంతా చూసేట్టు పంపాలన్నాడు. రాజు సరేనన్నాడు. నవ్వుతూనే, ఆ గిన్నె అడుగు కూడా తిప్పి చూశాడు.

నేను ముందుగా ఇల్లు చేరి గుమ్మంలో నిలబడ్డాను. నవ్విన రాజు మనసు మార్చుకోవడానికి ఎంతసేపు పడుతుంది? పెద్దవాకిలికీ మా ఇంటికీ మధ్య దారి పడమటి బురుజు పక్కనుంచే.

వీధి మలుపులో మా ఆయన కనిపించాడు. ఒకటి. వెనకే గంగులు, రెండు. నూకయ్య కుంటుతూ వచ్చాడు, మూడు. తర్వాత దారి ఖాళీగా ఉంది. పైడమ్మ కూడా తన గుమ్మంలోంచి అటే చూస్తోంది.

పోలడు ఆఖర్న వచ్చాడు. దారిలో ఎవరో మజ్జిగ ఇస్తే ఆగాడట.

నాలుగు.

తలుపు గడియ వేసి, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాను.